వేషం పక్కన నిలబడే మనిషి

(హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కాస్‌ప్లే క్లబ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. సినిమా, కామిక్స్, అనిమే (జపాన్ కార్టూన్) పాత్రల్లా వేషం కట్టే సరదాని కాస్‌ప్లే అంటారు. మాట్లాడిన తీరు చెడకుండా ఎత్తి రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే.

మీ క్లబ్ వాళ్లు ఫోన్ చేసి, "మేడమ్, మీరు ఇంతవరకు ఏయే క్యారెక్టర్లు చేశారు?" అని అడిగారు. ఒక్కటీ చెయ్యలేదన్నాను. అవతల చప్పుడు లేదు. రాంగ్ నంబర్‌కి చేశామనుకున్నట్టున్నారు. (నవ్వులు) నేను వేషం వెయ్యను. మా తమ్ముడు వేస్తాడు, వాడి స్నేహితులు వేస్తారు. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడతాను. ఈ పనిని హ్యాండ్లర్ అంటారట. మా గుంపులో మాత్రం "అక్క వస్తోందా?" అని అడుగుతారు, అంతే. ఇక నా ఉద్యోగం ఆప్టోమెట్రిస్ట్‌గా. కళ్లు పరీక్ష చెయ్యడం, లెన్సులు అమర్చడం, ఎలా పెట్టుకోవాలో తియ్యాలో నేర్పడం. కాబట్టి కాస్‌ప్లేని నేను రెండు వైపుల నుంచి చూస్తాను. ఈవెంట్ రోజున సంచితో, ఆ తర్వాత సోమవారం క్లినిక్‌లో.

నేను చెప్పాలనుకున్నది మొదట్లోనే చెప్పేస్తాను, మధ్యలో కరెంటు పోయినా నష్టం ఉండదు. కాస్‌ప్లే ఒక్కరు చేసే పని కాదు. ఫొటోలో ఒక్కరే కనిపిస్తారు, అది వేరే సంగతి. వేషం పెద్దదవుతున్నకొద్దీ లోపలున్న మనిషికి చూపు తగ్గుతుంది, వినికిడి తగ్గుతుంది, చేతులు పనికిరాకుండా పోతాయి. ఆ చూపు, ఆ చేతులు ఎవరు అరువిస్తారో తేల్చుకోకుండా వేషం మొదలుపెట్టకండి. కవచానికి ఫోమ్ షీట్లు కొనడానికి వెళ్లేముందే తేల్చుకోండి.

ఇదేమీ కొత్త మాట కాదు. 1939 జూలైలో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ జరిగింది. లాస్ ఏంజిలిస్ నుంచి ఫారెస్ట్ అకర్‌మన్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు, రాబోయే శతాబ్దాల మనుషులు ఇలాంటి బట్టలు వేసుకుంటారంటూ కేప్ వేసుకుని దిగాడు. కాస్‌ప్లే చరిత్ర ఎవరు చెప్పినా ఆయన ఫొటోతోనే మొదలుపెడతారు. మరి ఆ బట్టలు కుట్టిందెవరు? మిర్టిల్ డగ్లస్ అనే ఆవిడ. అభిమానుల్లో ఆమె పేరు మోరోజో. ఎస్పెరాంటో భాషలో తన పొడి అక్షరాలను కలిపి పెట్టుకున్న పేరది. ఆ రోజుల్లో సైన్స్ ఫిక్షన్ పత్రికలకి ఫ్రాంక్ ఆర్. పాల్ అనే ఆయన బొమ్మలు వేసేవారు. అవి చూసి డిజైన్ చేసి, ఇద్దరికీ తనే కుట్టి, తనూ ఒక డ్రెస్ వేసుకుని ఆయన పక్కన నడిచింది. ఆయన్ని కాస్‌ప్లే పితామహుడన్నారు. ఆమె పేరు బాగా వినిపించడం మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు. కుట్టినవాళ్ల గతి అప్పటినుంచీ అంతే. (నవ్వులు)

తర్వాతి కథంతా మీకు నాకంటే బాగా తెలుసు. 1975 డిసెంబర్‌లో టోక్యోలో కామికెట్ అనే కామిక్స్ అభిమానుల సంత మొదలైంది. 1983లో నొబుయుకి తకహాషి ఒక అనిమే పత్రికలో రాసిన వ్యాసంతో ఈ సరదాకి ఇప్పుడున్న పేరు స్థిరపడింది. మన దేశంలో కామిక్ కాన్ అనే కామిక్స్ అభిమానుల మేళా 2011లో ఢిల్లీలో మొదలై, 2013కల్లా హైదరాబాద్ వచ్చింది. ఇందులో నేను కాస్త ఆగి చెప్పాలనుకునేది నగోయాలో జరిగే వరల్డ్ కాస్‌ప్లే సమిట్ గురించి. 2003 నుంచి జరుగుతోంది. దేశదేశాల నుంచి వచ్చి పోటీపడతారు. అక్కడ ఒక్కో దేశం నుంచి స్టేజి ఎక్కేది ఒక్కరు కాదు, జోడీ. ప్రపంచంలో అందరూ కన్నేసే ఆ పోటీయే ఇద్దరి ఆటగా పెట్టారంటే, ఎందుకో మీరే ఊహించుకోండి.

ఇంకో మాట కూడా చెప్పేసి ముందుకి పోతాను. మన సభల్లో ఎవరో ఒకరు లేచి, "మనకి పగటి వేషాలున్నాయి, తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, మాతంగి వేషం ఉన్నాయి, కాస్‌ప్లే మనకెప్పుడో ఉంది" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. జాతరలో వేషం మొక్కు. పగటి వేషం ఒక కుటుంబానికి కూడు పెట్టే విద్య. మనం చేసేది సరదా. సరదా అని ఒప్పుకుంటే తప్పేం లేదు, దానికి పెద్దరికం అంటగట్టక్కర్లేదు.

ఇప్పుడు మాస్కట్లు, అంటే ఆటలకో ఊరికో గుర్తుగా పెట్టుకునే బొమ్మలు, లోపల మనిషి దూరి తిరిగే వేషాలు. తోడు మనిషి లేకపోతే ఏమవుతుందో అక్కడే కొట్టొచ్చినట్టు కనపడుతుంది కాబట్టి ముందు వాటి సంగతి చెబుతాను. 2003లో మన హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగితే షేరూ అనే సింహం మాస్కట్. మీలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. అంతకుముందు 1982లో ఢిల్లీ ఏషియాడ్‌కి అప్పూ అనే ఏనుగు. మన దగ్గర ఆటలు అయిపోగానే మాస్కట్ అటకెక్కుతుంది. జపాన్‌లో అలా కాదు. ఊరికో బొమ్మ, కోటకో బొమ్మ, పోలీసులకి కూడా ఒక బొమ్మ. హికోనే అనే ఊళ్లో కోటకి 400 ఏళ్లు నిండాయని 2007లో ఉత్సవాలు చేస్తూ హికోన్యాన్ అనే తెల్ల పిల్లిని దింపారు, జనం ఎగబడ్డారు. ఆ తర్వాత కుమమోటో వాళ్లు 2010లో కుమమోన్ అనే నల్ల ఎలుగుబంటిని తెచ్చారు. 2011 మార్చిలో క్యూషూ బుల్లెట్ రైలు లైను పూర్తిగా తెరుచుకుంటోంది. రైలెక్కినవాళ్లు తమ ఊళ్లో దిగకుండా నేరుగా ముందుకి పోతారేమోనని వాళ్ల బెంగ. ఆ ఎలుగుబంటికి సేల్స్ మేనేజర్ ఉద్యోగం ఇచ్చారు, నిజంగానే. అదే ఏడాది దేశంలోని మాస్కట్లన్నిటి పోటీలో అది మొదటి స్థానం కొట్టింది.

కుమమోన్ వీడియోలు మీరందరూ చూసే ఉంటారు. ఈసారి చూసేటప్పుడు ఎలుగుబంటిని వదిలేసి పక్కన నడిచే మనిషిని చూడండి. ఎలుగుబంటి మాట్లాడదు కదా, దాని తరఫున మాట్లాడేది ఆ మనిషే. మెట్టు రాబోతుంటే ముందే చెయ్యి అందిస్తారు. చంటిపిల్ల కాళ్ల దగ్గరికి వస్తే తల్లి కంటే ముందు వాళ్లే వంగుతారు. వాళ్లలా ఎందుకు చేస్తారో తెలియాలంటే మాస్కట్ తల ఒకసారి పెట్టుకోవాలి. నేను వేషం వెయ్యనన్నాను గానీ, తల మాత్రం పెట్టుకుని చూశాను. బొమ్మకి కళ్లు పైనెక్కడో ఉంటాయి. లోపలివాళ్లు చూసేది చాలావాటిలో నోటి దగ్గర కుట్టిన నల్ల జాలీ గుడ్డలోంచి. ఎదురుగా ఉన్న మనిషి ఛాతీ కనిపిస్తుంది, మొహం కనిపించదు. మన పాదాలు మనకి కనిపించవు. పక్కన ఎవరున్నారో తెలియాలంటే ఒళ్లంతా తిప్పాలి, తిప్పితే తోక ఎవరికో తగులుతుంది. మన ఊపిరే మన చెవుల్లో మోగుతుంటుంది. బయట ఎవరైనా పిలిస్తే బావిలోంచి పిలిచినట్టు వినిపిస్తుంది.

వేడి సంగతి దీనికంటే పెద్దది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. బొచ్చు గుడ్డకీ ఫోమ్‌కీ మధ్య గాలి ఆడదు కాబట్టి చెమట కారుతూనే ఉంటుంది, ఆరదు. లోపల ఉక్క పెరుగుతుంది, ఒంట్లో వేడి పెరుగుతుంది. 2019 జూలై 28న ఒసాకా దగ్గర హిరకాటాలో ఒక ఎమ్యూజ్‌మెంట్ పార్కులో 28 ఏళ్ల పార్ట్‌టైమ్ ఉద్యోగి మాస్కట్ డ్రెస్‌లో డాన్స్ ప్రాక్టీస్ చేసి, వడదెబ్బతో చనిపోయాడు. మిట్టమధ్యాహ్నం కాదు, రాత్రి పూట, పార్కు మూసేశాక. చేసింది ఇరవై నిమిషాల ప్రాక్టీసు. డ్రెస్ బరువు 16 కిలోలు. అలవాటున్న పని, కుర్రవయసు, ఎండ లేదు. అయినా జరిగింది. ఇది విన్నాక కూడా మే నెలలో మన ఊళ్లో బయట మాస్కట్ వేషం వేస్తానంటే నేను రాను, నన్ను పిలవద్దు.

అందుకని మా గుంపులో గడియారం నా చేతిలో ఉంటుంది. లోపలివాళ్లకి టైమ్ తెలియదు. జనం చప్పట్లు కొడుతుంటే అసలే తెలియదు. ఇరవై నిమిషాలు అవ్వగానే గదిలోకి తీసుకెళ్లి తల తీయిస్తాను. ఈ లోపల మాటలుండవు కాబట్టి చేతులతోనే పని. నేను చెయ్యి పట్టుకుని నొక్కితే వాడు తిరిగి నొక్కాలి. నొక్కలేదనుకోండి, ఇంకోసారి నొక్కుతాను. అప్పటికీ జవాబు రాకపోతే అక్కడికక్కడే తల తీసేస్తాను. మాస్కట్లకి ఒక కట్టుబాటు ఉంది, జనం ముందు తల తియ్యకూడదని. పిల్లల ముందు ఎలుగుబంటి మెడలోంచి చెమటలు కక్కుతున్న ఇంజనీరింగ్ కుర్రాడు బయటపడితే పిల్లలు ఏడుస్తారు, నిజమే. ఏడవనివ్వండి. రెండు చాక్లెట్లతో పోయే ఏడుపది.

తాగడానికి నీళ్లతో పాటు ఓఆర్ఎస్ పెట్టుకోండి. ఓఆర్ఎస్ అంటే మందుల షాపులో దొరికే పొడి ప్యాకెట్, వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉంటుంది, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నిట్లో మొత్తం ప్యాకెట్ కలపాలి. ఆ పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి జ్యూసులు కాదు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి వెంటపడితే 2025లో ఆ జ్యూసుల మీద ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. కాస్‌ప్లేకి సంబంధం లేని మాటలా ఉంటుంది గానీ, మన సంచిలో ఉండేది అదే కదా.

కవచాల గురించి మీ సీనియర్లు వర్క్‌షాప్ పెడతారట, నేను రెండు ముక్కలే చెబుతాను. కొలతల టేపుతో కవచం కుదరదు. చేతికి వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ చుట్టాలి. దాని మీద మాస్కింగ్ టేపు ముక్కలు ముక్కలుగా, ముడత లేకుండా అతికించుకుంటూ పోవాలి. మోచెయ్యి దగ్గర చెయ్యి కొంచెం వంచి పెట్టాలి, లేకపోతే తర్వాత వంగదు. అప్పుడు స్కెచ్ పెన్నుతో జాయింట్లు ఎక్కడ రావాలో గీసి, గీతల మధ్య అడ్డంగా చిన్న చిన్న గుర్తులు పెట్టి, ఆ గీత వెంబడే కత్తిరించి తియ్యాలి. టేబుల్ మీద పరిస్తే మీ చెయ్యి చదునుగా పడుకుని ఉంటుంది. దాన్ని ఫోమ్ మీద పెట్టి గీసుకోవడమే. ఇప్పుడు చెప్పండి, మీ కుడి చేతికి మీరే ఎలా చుట్టుకుంటారు? వీపుకి ఎలా చుట్టుకుంటారు? ఎవరో ఒకరు కావాల్సిందే. ఆ కత్తెర కూడా మొన తిరిగినది, బ్యాండేజీ కోసేది వాడండి. మామూలు కత్తెరతో మా తమ్ముడి టీషర్టులు చాలా పోయాయి.

ఇక అతికించడం. పజిల్ మ్యాట్లు కావచ్చు, షీట్లుగా దొరికే ఈవా ఫోమ్ కావచ్చు, దానికి మామూలు ఫెవికాల్ పనికిరాదు, చెప్పులు అతికించే రకం జిగురు కావాలి. రెండు అంచులకీ రాసి, వేలితో తాకితే అంటుకోనంత వరకు ఆరనిచ్చి, అప్పుడు కలపాలి. ఒకసారి అంటుకుంటే మళ్లీ సర్దడానికుండదు. ఆ వాసన తలకెక్కుతుంది. హాస్టల్ గదిలో తలుపులు వేసుకుని చెయ్యకండి, డాబా మీద చెయ్యండి. త్రీడీ ప్రింట్ హెల్మెట్లు చేసేవాళ్లకి ఇంకొకటి. మీరు వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో పార్క్ చేసిన కారు లోపల, అద్దం కింద ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. పొద్దున యోధుడి హెల్మెట్‌లా వెళ్లింది మధ్యాహ్నానికి అప్పడంలా తిరిగొస్తుంది. (నవ్వులు)

ఒక్క చిన్న విషయం, సిగ్గుపడకుండా చెప్పుకోవాలి. కవచం వేసుకుంటే బాత్రూమ్‌కి ఒక్కరే వెళ్లలేరు. వెనక బకిల్స్ చెయ్యి అందవు. దాంతో చాలామంది ఆడపిల్లలు పొద్దుట్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఆ పని చెయ్యకండి. బకిల్స్ ఎవరు విప్పుతారో ముందు రోజే మాట్లాడుకోండి.

సరే, ఇప్పుడు నా సొంత సబ్జెక్టుకి వచ్చాను. కళ్లు.

క్యారెక్టర్‌కి ఎర్ర కళ్లు, ఊదా కళ్లు, తెల్లటి కళ్లు ఉంటాయి. విగ్గు, మేకప్ అన్నీ కుదిరాక కళ్లు మాత్రం మన కళ్లే ఉంటే ఫొటోలో వెలితిగా ఉంటుందని మీ బాధ. నాకు తెలుసు. అందుకే లెన్సులు పెట్టుకోవద్దని చెప్పడం లేదు. నేనే మా తమ్ముడికి పెడతాను. అయితే ఒక్కటి అర్థం చేసుకోండి. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది, కార్నియా. అడ్డంగా కొలిస్తే పన్నెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందులో రక్తనాళాలు లేవు. ఉంటే అది అద్దంలా ఉండదు కదా. మరి దానికి ఆక్సిజన్ ఎక్కడిది? చాలావరకు బయటి గాలిలోంచి, కన్నీటి పొర గుండా. మీరు లెన్సు పెట్టడమంటే ఆ కిటికీకి తెర వెయ్యడమే. మంచి లెన్సు గాలిని బాగా పోనిస్తుంది. రంగు పొరలు పూసిన చవక లెన్సు అంతగా పోనివ్వదు. పైగా ఆ రంగు లెన్సు లోపల ఇరికించి ఉందా, పైన పూసి ఉందా అన్నది చూడగానే తెలియదు. పైన పూసిందయితే ప్రతిసారి రెప్ప కొట్టినప్పుడూ గరుకు తగులుతుంది.

"నాకు సైట్ లేదు కదా, జీరో పవర్ కదా, టెస్ట్ ఎందుకు?" అంటారు. పవర్ ఒక్కటే కొలత కాదు. కంటి వంపు ఉంటుంది. లెన్సు డబ్బా మీద 8.4, 8.6 అని రాసి ఉంటుంది చూశారా, అది లెన్సు వంపు. మీ కంటి వంపుకి అది సరిపోవాలి. బిగుతుగా ఉంటే కన్నీరు కింద తిరగదు, వదులుగా ఉంటే జారుతుంది. అందుకే అమెరికాలో 2005లో చట్టం చేశారు, అందం కోసం పెట్టుకునే లెన్సు కూడా వైద్య పరికరమేనని, డాక్టరు రాయందే అమ్మకూడదని. కాస్‌ప్లేకి పుట్టిల్లు లాంటి జపాన్‌లోనే 2009 నవంబర్ నుంచి పవర్ లేని రంగు లెన్సుల్ని కూడా వైద్య పరికరాల నిబంధనల కిందికి తెచ్చారు. వాళ్లకి సరదా తెలియకనా?

మా దగ్గరికి ఈవెంట్ అయ్యాక వచ్చే పిల్లల కథలన్నీ ఒకేలా ఉంటాయి. లెన్సు నేల మీద పడింది, కుళాయి నీళ్లతో కడిగి పెట్టుకున్నాను. స్నేహితురాలిది తీసుకుని ఒక గంట పెట్టుకున్నాను. అలసిపోయి అలాగే పడుకున్నాను. మూడింట్లో ఏది చేసినా ప్రమాదమే, కుళాయి నీళ్లది మరీ. నీళ్లలో అకాంథమీబా అనే ఒక సూక్ష్మజీవి ఉంటుంది. కడుపులోకి వెళ్తే ఏమీ చెయ్యదు. లెన్సుకీ కంటికీ మధ్య చిక్కిందంటే కార్నియాని తినేస్తుంది. నొప్పి భరించలేరు, మందులు నెలల తరబడి వెయ్యాలి. బాటిల్ నీళ్లు కూడా కుళాయి నీళ్ల లెక్కే, బిస్లరీ అయినా సరే. లెన్సుని తాకాల్సింది లెన్స్ సొల్యూషన్ ఒక్కటే. సెలైన్ కూడా కాదు, సెలైన్ క్రిముల్ని చంపదు. ఉమ్మి గురించి మాట్లాడను. (నవ్వులు) నవ్వకండి, చేసేవాళ్లున్నారు.

"మన ఊళ్లో ఎల్వీ ప్రసాద్ ఉంది కదండీ" అని ఒకబ్బాయి నాతో అన్నాడు. ఉంది, 1987 నుంచి ఉంది, కార్నియా మార్పిడి కోసం దేశం నలుమూలల నుంచీ వస్తారు. కానీ కార్నియా ఫ్యాక్టరీలో తయారవదు. ఎవరో చనిపోతే, వాళ్ల ఇంటివాళ్లు ఆ దుఃఖంలో కూడా ఒప్పుకుంటే, అప్పుడు వస్తుంది. ఎర్ర కళ్ల ఫొటో కోసం దాన్ని వాడుకుంటారా?

ఇప్పుడు తోడు మనిషి చెయ్యాల్సిన పని. మామూలు రంగు లెన్సులో మధ్యన చిన్న గుండ్రం ఖాళీగా ఉంటుంది, చూపు కోసం. ఆ గుండ్రం పెరగదు, తరగదు. మీ కంటిపాప మాత్రం చీకట్లో పెద్దదవుతుంది. కాబట్టి ఎండలో బాగా కనిపించినవాళ్లకే హాల్లోకి, స్టేజి వెనక చీకట్లోకి రాగానే చుట్టూ మసక తెర పడుతుంది. అక్కడే మెట్లుంటాయి, వైర్లుంటాయి. కన్నంతా తెల్లగా కనపడే మెష్ లెన్సులయితే ఎండలో కూడా పొగమంచే. కొన్నిటిలో అసలేమీ కనిపించదు. తెల్లగుడ్డుతో సహా మొత్తం కప్పేసే స్క్లెరా లెన్సులు, 22 మిల్లీమీటర్లవి, సినిమావాళ్లు షాట్ ముందు పెట్టి షాట్ అవ్వగానే తీసేస్తారు, అది కూడా తెలిసినవాళ్లు దగ్గరుండి. మీరు వాటి జోలికి పోకండి. ఇది సలహా కాదు, బతిమాలుతున్నాను.

లెన్సు పెట్టుకున్నవాళ్ల మోచెయ్యి మీ చేతిలో ఉండాలి. అరగంటకోసారి ఆపి అడగాలి. "బాగానే ఉందా?" అని అడిగితే "ఆ, బాగానే ఉంది" అంటారు, ఎవరైనా అంతే అంటారు. అలా అడక్కండి. దూరంగా ఉన్న బోర్డు చూపించి, ఒక్కో కన్ను మూయించి చదివించండి. కన్ను ఎర్రబడటం, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక, ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి కనిపించినా లెన్సు తీసెయ్యాలి. తీసినా తగ్గకపోతే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి, ఆ లెన్సూ డబ్బా వెంట తీసుకుని వెళ్లాలి. మందుల షాపులో చుక్కలు కొని వేసుకోవడం చెయ్యొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది.

వరస కూడా గుర్తుపెట్టుకోండి. హెయిర్ స్ప్రే ముందు కొట్టేయండి. తర్వాత సబ్బుతో చేతులు కడిగి, బాగా తుడుచుకుని లెన్సులు. ఆ తర్వాతే కంటి మేకప్. సాయంత్రం తిరగేయాలి, ముందు లెన్సులు తియ్యాలి, ఆ తర్వాత మేకప్. అలసిపోయి ముందు మొహం కడిగేస్తారు, గ్లిట్టరంతా లెన్సు కిందికి పోతుంది. ఆ లెన్సులతో బండి నడుపుతూ ఇంటికి వెళ్లకండి.

నా సంచి గురించి మీ క్లబ్ వాళ్లు అడిగారు. అందులో ఏముంటుందో అందరికీ తెలిసిందే, పిన్నులు, సూదీదారం, రెండువైపులా అంటే టేపు, స్ట్రా, ఛార్జర్. స్ట్రా ఎందుకంటే హెల్మెట్ తియ్యకుండా తాగడానికి. నేను చెప్పేది సర్దడం గురించి. ఊడిపోయిన ముక్కలు అతికించడానికి ఇన్‌స్టంట్ గ్లూ తెస్తారు. ఆ సీసా, కంటి చుక్కల సీసా ఇంచుమించు ఒకే సైజు, రెండింటికీ మొన మూత. కళ్లు మండుతున్న మనిషి చెయ్యి చాపితే హడావిడిలో ఏది చేతికొస్తే అది ఇచ్చేస్తారు. చుక్కలనుకుని గ్లూ వేసుకున్న కేసులు ప్రపంచమంతా కంటి ఆసుపత్రులకి తెలిసినవే. అందుకని నా దగ్గర రెండు సంచులు. గ్లూ ఉన్నది వీపుకి, కంటి సామాను ఉన్నది నడుముకి. ఎవరడిగినా రెండోదాంట్లో గ్లూ పెట్టనివ్వను, కాసేపటికైనా సరే.

జనం గురించి క్లుప్తంగా. న్యూయార్క్ కామిక్ కాన్‌లో 2014 నుంచి పెద్ద బోర్డులు పెడుతున్నారు, వేషం వేసుకున్నంత మాత్రాన ఒంటి మీద చెయ్యి వేసే హక్కు ఎవరికీ రాదని. మన దగ్గర ఆ బోర్డు చదివేవాళ్లు తక్కువ. కెమెరా ముందు నవ్వుతూ నిలబడిన పిల్ల నడుం మీద చెయ్యి వేసేవాడికి ఆ పిల్ల అప్పటికప్పుడు ఏమీ అనలేకపోతుంది, ఎందుకంటే చుట్టూ ఫోన్లున్నాయి. పక్కనున్నవాళ్లు అనాలి. నేను మర్యాదగానే మొదలుపెడతాను. "బాబూ, చెయ్యి." అంతే. రెండోసారి అనాల్సి వస్తే గొంతు పెరుగుతుంది. మా తమ్ముడు అంటుంటాడు, కవచం వాడిదే గానీ భయపడేది నన్ను చూసి అని.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: తోడు వచ్చేవాళ్లు ఎవరూ లేకపోతే వేషం మానెయ్యాలా మేడమ్?)

మానెయ్యక్కర్లేదు. చిన్నది చెయ్యండి. మీ బట్టలు మీరే విప్పుకోగలిగేది, మీ పాదాలు మీకు కనపడేది, లెన్సులు లేనిది. అలాంటి క్యారెక్టర్లు బోలెడున్నాయి. ఇంకా మంచిది, వంతులు వేసుకోండి. శనివారం నువ్వు వెయ్యి నేను సంచి పడతాను, ఆదివారం నేను వేస్తాను నువ్వు పట్టు. మా గుంపులో ఇప్పుడదే నడుస్తోంది. ఒక రోజు సంచి పట్టినవాళ్లు మర్నాడు వేషంలో బుద్ధిగా నీళ్లు తాగుతారు.

(ఒక విద్యార్థి: హ్యాండ్లర్‌కి డబ్బులిస్తారా అండీ?)

బిర్యానీ ఇస్తారు. (నవ్వులు) పోటీలో ప్రైజ్ మనీ వస్తే పంచుకోవాలన్నది నా పక్షం. మా తమ్ముడితో ఈ చర్చ ఇంకా తెగలేదు. కనీసం ఫొటో పెట్టేటప్పుడు కుట్టినవాళ్ల పేరు, సంచి పట్టినవాళ్ల పేరు కింద రాయండి. ఖర్చు లేని పని కదా.

ఇంకెవరూ లేరా? అయితే బెంచీలు పక్కకి జరపండి. క్లింగ్ ఫిల్మ్ తెచ్చాను, టేపు తెచ్చాను, కత్తెరలు మాత్రం మూడే ఉన్నాయి. ఇద్దరిద్దరు జతగా రండి. గడియారాలు, గాజులు తీసి జేబులో పెట్టుకోండి. మోచెయ్యి కొంచెం వంచి ఉంచాలి, మర్చిపోకండి.